లచ్చి గృహప్రవేశం

పెళ్ళయిన నాలుగో నెలలో కుందనకి సొంతిల్లు వచ్చింది. హాలు మధ్యలో నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుంటే కుడి మోచెయ్యి ఒక గోడకీ, ఎడమ మోచెయ్యి ఇంకో గోడకీ ఆనాయి.

"ఏవండీ, ఇలా చూడండి! ఇంట్లో ఏది కావాలన్నా అడుగు తీసి అడుగు వెయ్యక్కర్లేదు," అంది సంబరంగా.

నిరంజన్ కూడా అలా నిలబడి చూద్దామనుకున్నాడు. అయితే అప్పటికే హాల్లో కుందన ఉంది కాబట్టి, ఆమె మోచేతులు దించేదాకా గుమ్మంలో ఓపిగ్గా ఆగాడు. కళ్ళజోళ్ళ షాపులో రోజుకి ముప్ఫైమంది ముక్కులకి ఫ్రేములు సరిపెట్టే మనిషి. చిన్న చిన్న జాగాల్లో ఇమడ్చడం అతనికి వృత్తిరీత్యా అలవాటే.

గోదారి ఒడ్డున ఉన్న గజపతివరంలో, కోటపేట నాలుగో వీధిలో, పేరిందేవమ్మగారి పాతకాలపు రెండంతస్తుల డాబా ఇంటికీ, రిటైరైన పోస్టుమాస్టరు గవర్రాజుగారి మేడకీ మధ్య నాలుగడుగుల మూడంగుళాల సందు ఒకటి ఉండేది. వందేళ్ళుగా అందులో పిల్లులు పిల్లల్ని పెట్టుకునేవి. వానాకాలంలో రెండిళ్ళ చూరునీళ్ళూ అందులోనే పడేవి. ఏ నీళ్ళు ఎవరివన్న విషయం మీద పేరిందేవమ్మగారూ గవర్రాజుగారూ నలభై ఏళ్ళుగా పోట్లాడుకుంటూ ఆరోగ్యంగా ఉండేవాళ్ళు. ఊరికి ఆ సందు వల్ల ఏ ఇబ్బందీ లేదు.

ఇబ్బంది ఉందని కనిపెట్టినవారు దక్షిణామూర్తిగారు.

ఆయన ప్రాచీన పట్టణ ఖాళీల పూరక సంస్థకి పూరణాధికారి. తొమ్మిది రోజుల్లో పదకొండు విదేశీ పాతనగరాలు చూసి వచ్చారు. అందులో నాలుగు రోజులు బస్సులో నిద్రపోగా, మిగిలిన ఐదు రోజులూ అక్కడి సందులు పరిశీలించారు. అక్కడ రెండు పాత ఇళ్ళ మధ్య జానెడు జాగా ఉన్నా ఒక కొత్త ఇల్లు దూర్చేస్తారట. తిరిగొచ్చిన మర్నాడే టౌన్‌హాల్లో సభ పెట్టి, "పట్టణమంటే నోరు. ఇళ్ళంటే పళ్ళు. పళ్ళ మధ్య సందులుంటే చరిత్ర ఎలా నవ్వుతుంది?" అని ప్రశ్నించారు. ఆయన పైవరసలో ఒక పన్ను లేకపోవడం వల్ల 'చరిత్ర' అన్నప్పుడల్లా చిన్న ఈల వినిపించేది.

మొదటి వరసలో కూర్చున్న పేరిందేవమ్మగారు, "ముందు తమరి నోట్లో సందు పూడ్చుకోండి బాబూ, తరవాత మా వీధికొద్దురుగాని," అంది. వెనక వరసలన్నీ చప్పట్లు కొట్టాయి. 'ప్రజల హర్షధ్వానాల మధ్య పథకం ఆమోదించబడినది' అని సంస్థ రాసుకుంది.

అప్పటినుంచి ఊళ్ళో సందులన్నీ కొలవడం మొదలైంది. కొలవకుండా మిగిలినవి సంస్థలో భర్తీ కాని ఇరవై ఒక్క ఉద్యోగాలే.

అలా పుట్టిన మొదటి పూరక గృహం కుందన వాళ్ళది. సందు నాలుగడుగుల మూడంగుళాలు. పూరక గృహం పక్కనున్న ప్రాచీన గోడల మీద ఆనకూడదని నిబంధన కాబట్టి, అటొక గోడా ఇటొక గోడా సొంతంగా కట్టారు. ఇంటికి గోడలు పోగా లోపల రెండడుగుల పదంగుళాలు మిగిలింది. కింద తొమ్మిదడుగుల పొడవు హాలు. హాలు చివర ఈ గోడనుంచి ఆ గోడదాకా మెట్లు. మెట్లెక్కితే మంచమూ పొయ్యీ. ఆ పైన డాబా. ఇంటి వెనక కోటగోడ. దానికి మేకు కొట్టాలన్నా ఢిల్లీ దాకా రాయాలి కాబట్టి దొడ్డిగుమ్మం లేదు.

కుందనకి ఇందులో ఆనందించనిది ఏదీ కనిపించలేదు. మంచం మీదనుంచే కాలి బొటనవేలితో లైటార్పొచ్చు. పొయ్యి దగ్గర్నుంచి లేవకుండా కిటికీలోంచి పేరిందేవమ్మగారికి కూరగిన్నె అందించొచ్చు. ఇటు గవర్రాజుగారు రేడియో పెడితే విడిగా రేడియో కొనక్కర్లేదు. అటు పేరిందేవమ్మగారికి ఏదైనా చెప్పాలనిపిస్తే రోకలితో గోడమీద ఒకటో రెండో దెబ్బలు వేసేది. ఒకటి వేస్తే 'కూర పంపిస్తున్నా' అని, రెండు వేస్తే 'గొంతు తగ్గించండర్రా' అని.

సందు పోయాక పోట్లాటకి చోటు లేక బెంగపెట్టుకున్న ఆ ఇద్దరు పెద్దవాళ్ళకీ కుందన ఇల్లు పనికొచ్చింది.

"అమ్మాయ్, ఆ పోస్టుమాస్టరుతో చెప్పు, ఆయన డాబా నీళ్ళు ఇంకా నావైపే కారుతున్నాయని."

"చెప్తానండి పిన్నిగారూ."

"ఆవిడతో చెప్పు తల్లీ, అవి నీళ్ళు కావు, నా చెమట అని!"

"చెప్తానండి బాబాయిగారూ."

కుందన రెండూ చెప్పేది. చెప్పి నవ్వుకునేది.

ముహూర్తం చూడకుండా కాపురమైతే పెట్టేశారు. చిక్కల్లా తాళాలతోపాటు ఇచ్చిన కాగితంలో ఉంది. తాళాలు తీసుకున్న అరవై రోజుల్లోగా స్థానిక సంప్రదాయానుసారం గృహప్రవేశం చేసుకుని, దాని ఛాయాచిత్రాలు నమూనా తొమ్మిదిలో అతికించి దాఖలు చెయ్యాలి. చెయ్యకపోతే ఇల్లు వెయిటింగ్ లిస్టులో తరవాతి వాళ్ళకి పోతుంది.

కుందన ఆ నమూనా పట్టుకుని ఆఫీసుకెళ్ళింది.

"సార్, ఇప్పుడు ఆషాఢమండి. కొత్త కోడల్ని, నేను పుట్టింట్లో ఉండాలి. ముహూర్తాలు కూడా ఉండవు. ఇంకో నెల గడువిప్పించండి."

దక్షిణామూర్తిగారు గోడమీద క్యాలెండరు వైపు చూశారు. "అమ్మా, సంస్థ క్యాలెండర్లో జూన్, జూలై, ఆగస్టు అను నెలలు గలవు. ఆషాఢము అను నెల లేదు. లేని నెలకి గడువెలా పొడిగించగలం?"

"మరి సంప్రదాయం ప్రకారం చెయ్యమని మీరే అన్నారు కదండీ?"

"సంప్రదాయం తప్పనిసరి. గడువు కూడా తప్పనిసరి. రెంటికీ మధ్య ఖాళీ ఉండరాదు." ఆయన నమూనా తొమ్మిది తెరిచి వేలు పెట్టి చూపించారు. "మూడు ఫోటోలు. 'అ' ఫోటో: గోజాతికి చెందిన ప్రాణి వీధినుండి గుమ్మము దాటుచున్న దృశ్యము. 'ఆ' ఫోటో: సదరు జాతి ప్రాణి పూర్తిగా ఇంటి లోపల ఉన్న దృశ్యము. 'ఇ' ఫోటో: గోజాతికి చెందిన ప్రాణి ఇంటి లోపలినుండి ముందుముఖముగా వీధిలోనికి వెలువడుచున్న దృశ్యము. ముఖము స్పష్టముగా కనబడవలెను."

"ఆవు అని రాస్తే పోయేది కదండీ."

"ఆవు అంటే వ్యవహారం. గోజాతి అంటే నిర్వచనం," అన్నారాయన. "మీ వెనకాల నూట పన్నెండుమంది దరఖాస్తుదారులున్నారు. చూసుకోండి మరి."

శ్రావణమాసం వచ్చిన ఐదో రోజున సోమయాజులుగారు ముహూర్తం పెట్టారు. సత్తిబాబు లచ్చిని తోలుకొచ్చాడు. ఊళ్ళో గృహప్రవేశాలన్నిటికీ లచ్చే వెళ్తుంది. ఇప్పటికి మూడొందల పైచిలుకు ఇళ్ళు ముందుగా చూసిన ఆవు. అరిటిగెల ఏ మూలనుంటుందో దానికి చెప్పక్కర్లేదు. ఆ రోజు నుదుట పసుపు, కొమ్ములకి బంతిపూలు, కాళ్ళకి గజ్జెలు పెట్టుకుని వీధంతా ఊపుతూ వచ్చింది. పొట్ట మాత్రం రెండు పక్కలా డోలులా ఉంది.

"ఏం సత్తిబాబూ, చూడిదా?" అడిగింది కుందన. ఆమె బీయస్సీ జువాలజీ.

"ఆయ్, ఇంకా నెల్రోజులుందండి ఈనడానికి. నిండు ఆవండి, అడుగెట్టిన ఇంటికి కలిసొస్తాది!"

సోమయాజులుగారు ముందుగానే మెట్లమీద కూర్చున్నారు. ఆయన పక్కన అరిటిగెల వేలాడుతోంది. మంత్రం మొదలవగానే లచ్చి గుమ్మం దాటింది. నిరంజన్ 'అ' ఫోటో తీశాడు. లచ్చి గెలను చూసింది, నేరుగా మెట్లదాకా నడిచింది. తొమ్మిదడుగుల హాల్లో ఎనిమిదడుగుల ఆవు అచ్చంగా పట్టింది. ముట్టె మొదటి మెట్టు దగ్గరా, తోక గుమ్మం దగ్గరా. పొట్ట అటూ ఇటూ గోడలకి మెత్తగా ఆనింది. నిరంజన్ 'ఆ' ఫోటో తీశాడు.

"ఇప్పుడు దంపతులు ప్రవేశించాలి," అన్నారు సోమయాజులుగారు లచ్చి అవతలినుంచి.

ప్రవేశించడానికి లోపల ఆవు తప్ప జాగా లేదు.

"ముహూర్తం వెళ్ళిపోతోంది! కుడికాళ్ళైనా పెట్టండి!"

ఇద్దరూ గడప మీద చెరో కుడికాలూ లోపల పెట్టారు. ఎడమకాళ్ళు వీధిలోనే ఉన్నాయి. లచ్చి తోకతో ఇద్దరి మొహాల మీదా చెరొకటి ఇచ్చింది. అంతకంటే ఆశీర్వాదమేముంటుందని కుందన పొంగిపోయింది. పాలు పేరిందేవమ్మగారి పొయ్యి మీద పొంగించి కిటికీలోంచి అందించారు. సోమయాజులుగారు డాబా ఎక్కి, పేరిందేవమ్మగారి డాబా మీదికి దాటి, వాళ్ళింట్లోంచి దిగి వచ్చి తాంబూలం తీసుకున్నారు.

"ఇంక తిప్పి బయటికి తోలవయ్యా సత్తిబాబూ," అన్నాడు నిరంజన్, 'ఇ' ఫోటోకి సిద్ధంగా నిలబడి.

సత్తిబాబు చూశాడు. హాలు వెడల్పు చూశాడు, లచ్చి పొడవు చూశాడు. తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు.

"తిరగదండి," అన్నాడు.

"అయితే వెనక్కి నడిపించు."

"అదీ కుదరదండి. నా లచ్చి పుట్టి బుద్ధెరిగాక వెనకడుగేసిన ఆవు కాదండి."

తోక పట్టుకుని లాగారు. లచ్చి ఇంకో అరటిపండు తింది. గవర్రాజుగారు మెట్లమీంచి నెట్టమన్నారు. నిరంజన్ డాబాలు దాటుకుని వచ్చి, మెట్లమీదినుంచి దాని నుదుటి మీద చెయ్యి పెట్టి మర్యాదగా నెట్టాడు. లచ్చి అతని చెయ్యి నాకింది.

"అసలు వెనక్కి నడిపించకూడదు నాయనా," అన్నారు సోమయాజులుగారు. "గృహలక్ష్మి కదా. వెనక్కి వెనక్కి నడిచి వెళ్ళిపోతే ఏం బావుంటుంది?"

"శాస్త్రంలో ఉందాండి?"

"ఉందని లేదు. లేదని కూడా లేదు."

అంతేకాదు, వెనక్కి వస్తే 'ఇ' ఫోటోలో ముఖం ఉండదు. ముఖం ఉండాల్సిన చోట ఇంకేదో ఉంటుంది. కాబట్టి లచ్చి ఉండిపోయింది.

కుందన, నిరంజన్ రోజూ పేరిందేవమ్మగారి డాబా మీదుగా ఇంటికి రాకపోకలు సాగించారు. పొద్దున్నే కుందన మూడో మెట్టు మీద కూర్చుని లచ్చికి పచ్చగడ్డి తినిపించేది. వెచ్చటి ఊపిరి ఆమె మోకాళ్ళ మీద తగిలేది. "పెళ్ళైన కొత్తలో ఇంట్లో ఆవు ఉండటం ఎంతమందికి దొరుకుతుందండీ!" అనేది నిరంజన్‌తో. గుమ్మంవైపు పని సత్తిబాబు చూసుకునేవాడు. రోజుకి నాలుగుసార్లు పారా, బకెట్టూ పట్టుకుని.

వీధిలోంచి చూసేవాళ్ళకి గుమ్మంలో తోకా, వెనకభాగమూ కనిపించేవి. ఒక శుక్రవారం పేరిందేవమ్మగారు అటుగా వెళ్తూ ఆగింది.

"ఒసే కుందనా! ఆవులో లక్ష్మి ఉండేదెక్కడో తెలుసా? వెనకభాగంలోనేనే! ఇన్నాళ్ళూ గుళ్ళో ఆవు ఎటు తిరిగి నిలబడుతుందోనని వెతుక్కుంటున్నాం. ఇక్కడ చూడు, గుమ్మంలో కూర్చోబెట్టినట్టుంది!"

పసుపూ కుంకుమా తెచ్చి దణ్ణం పెట్టుకుంది. మరుసటి శుక్రవారానికి నాలుగో వీధిలో వరస కట్టారు. ప్రదక్షిణకి చోటులేదు కాబట్టి అందరూ ఆత్మప్రదక్షిణ చేసుకుని వెళ్ళేవాళ్ళు.

వరస చూసి ఎవరో సంస్థకి కబురు చెప్పారు. దక్షిణామూర్తిగారు టేపు పట్టుకుని వచ్చారు.

ఆయన లచ్చి పక్కకి వంగి, గోడకీ పొట్టకీ మధ్య టేపు దూర్చబోయారు. దూరలేదు. ఇటుపక్క ప్రయత్నించారు. దూరలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నా ఉద్యోగ జీవితంలో," అన్నారు గద్గదంగా, "నూటికి నూరు శాతం పూరణ చూడటం ఇదే మొదలు. మనుషులకిచ్చిన ఇళ్ళన్నిటా ఒకటే దరిద్రం. గోడకీ గోడకీ మధ్య మళ్ళీ ఖాళీయే! నింపమని ఇల్లు కడితే ఇంటి లోపల సందు పెట్టుకుని బతుకుతున్నారు. ఇది కదా ఇల్లంటే!"

"సార్, మరి మా సంగతి?" అంది కుందన పైన వీధివైపు కిటికీలోంచి. "'ఇ' ఫోటో ఒక్కటీ మినహాయిస్తే..."

"మినహాయింపు అంటేనే నిబంధనలో ఖాళీ అమ్మా. నేనెలా ఒప్పుకుంటాను?"

ఐదు రోజులకి నోటీసు వచ్చింది. పోస్టుమాస్టరుగా ముప్ఫై ఏళ్ళు చేసిన గవర్రాజుగారు కూడా ఆ చిరునామా రెండుసార్లు చదువుకున్నారు. 'శ్రీమతి లచ్చి, ఇంటి నంబరు 4-21 బై అర, కోటపేట.' లోపల ఇలా ఉంది: 'క్షేత్ర పరిశీలనలో సదరు గృహమును ఖాళీ లేకుండా వినియోగించుచున్నది తామేనని తేలినది. ప్రస్తుత లబ్ధిదారులు అరువదవ దినమునాటికి నమూనా తొమ్మిది పూర్తిగావించనిచో, గృహము తమ పేరిట మార్చబడును. అభ్యంతరములున్న యెడల వ్రాతపూర్వకముగా తెలుపవలెను.'

కుందన నోటీసు లచ్చికి చదివి వినిపించింది. లచ్చి వ్రాతపూర్వకంగా ఏమీ తెలపలేదు. నోటీసు మూల కొంచెం తింది.

ఆ పూట మాత్రం కుందనకి నవ్వు రాలేదు. మెట్టు మీద కూర్చుని గోడ తడిమింది. మేకు కొట్టి పెళ్ళిఫోటో తగిలించిన గోడ. వెనక్కి అడుగువేసి చూద్దామంటే జాగా లేక, ముక్కు ఆనించి చూసుకునే ఫోటో.

"పోతే పోనీ కుందూ, ఇంకెక్కడైనా విశాలంగా..." అన్నాడు నిరంజన్.

"నాకు విశాలం వద్దండి. విశాలమైతే మిమ్మల్ని వెతుక్కోవాలి," అంది కుందన ముక్కు చీదుతూ.

గోడమీద రోకలి ఒక్కసారి వినిపించింది. కాసేపటికి కిటికీలోంచి పనసపొట్టు కూర వచ్చింది.

ఏడు నెలలకి ఒక కాగితం కదిలే సంస్థ ఈసారి మాత్రం వారంలో సర్క్యులరు తీసింది. దాని పేరు 'జీవపూరక విధానం'. ఇటుకలూ సిమెంటూ లేకుండానే ప్రాచీన పట్టణాల ఖాళీలు నింపవచ్చని గజపతివరం నిరూపించిందట. ఆరడుగుల సందుకి గేదె. నాలుగడుగుల సందుకి ఆవు. రెండడుగులకి మేక. తొమ్మిదంగుళాల లోపు వాటికి కోడి, 'పెట్ట అయినచో గ్రుడ్లు సంస్థవి'. మూడో వీధిలో కిళ్ళీకొట్టుకీ మంగలిషాపుకీ మధ్య మేకని పెడితే అది రెండు షాపుల బోర్డులూ నమిలేసింది. 'పురాతన వీధిలో ఆధునిక ప్రకటనల తొలగింపు' కింద దాన్ని కూడా విజయాల్లో కలిపారు.

అక్కడితో ఆగితే దక్షిణామూర్తిగారెందుకవుతారు? ఒకరోజు నాలుగో వీధి మధ్యలో నిలబడి అటు ఇళ్ళ వరసా, ఇటు ఇళ్ళ వరసా తేరిపార చూశారు.

"అంటే," అన్నారు మెల్లగా, "వీధి అన్నది కూడా రెండు వరసల మధ్య ఖాళీయే కదా!"

కొలిపిస్తే పద్నాలుగడుగులు వచ్చింది. "ఏనుగుకి కొటేషను పిలవండి," అన్నారు పక్కనున్న గుమాస్తాతో.

"మరి మేం నడిచేదెక్కడండీ?" అని అరిచింది పేరిందేవమ్మగారు అరుగుమీంచి.

"డాబాల మీద నడవండి. ఆ దంపతులు నడవడం లేదూ?"

అరవయ్యో రోజు వచ్చింది. అదే రోజు ఈ విజయాన్ని చూడటానికి చుట్టుపక్కల పట్టణాలనుంచి ఇరవైమంది అధికారులు ఒక బస్సులో దిగారు. పదకొండు గంటలకి అందరూ లచ్చి ఇంటి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. దక్షిణామూర్తిగారు పొడవాటి కర్రతో లచ్చి వెనకభాగం చూపిస్తూ ప్రసంగం మొదలుపెట్టారు.

"ఇక్కడ చరిత్ర," ఈల, "ఊపిరి పీలుస్తోంది!"

లచ్చి నిజంగానే గట్టిగా ఊపిరి పీల్చింది. తోక పక్కకి ఎత్తింది.

సత్తిబాబు బకెట్టు కింద పడేశాడు. "అమ్మగారోయ్! లచ్చి ఈనేత్తందండోయ్!"

అధికారులు రెండడుగులు వెనక్కి వేశారు. కుందన డాబాలు దాటి, పేరిందేవమ్మగారి ఇంట్లోంచి దిగి, వీధిలోకి పరిగెత్తుకొచ్చింది. చీర కొంగు దోపింది.

"నిరంజన్!" పెళ్ళయ్యాక మొదటిసారి పదిమందిలో పేరు పెట్టి అరిచింది. "కెమెరా! కెమెరా తీసుకుని గుమ్మానికి ఎదురుగా నిలబడండి!"

"ఇప్పుడు ఫోటో ఏంటి కుందూ?"

"చెప్తాగా! దూడ ఎలా పుడుతుంది? ముందు ముంగాళ్ళు, వాటి మీద ముట్టె, తరవాత తల! నేను సెకండియర్లో బొమ్మ గీశాను, పదికి తొమ్మిది మార్కులు!"

నిరంజన్‌కి అర్థమైంది. అతను వీధిలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఇరవైమంది అధికారులూ, వరసలో ఉన్న ముత్తైదువులూ, మేడమీంచి గవర్రాజుగారూ మెడలు చాచి చూస్తున్నారు. రెండు తెల్లటి చిన్న గిట్టలు కనిపించాయి. వాటి మీద గులాబీరంగు ముట్టె. తరవాత నుదుటన చుక్కతో తల. కళ్ళు మూసుకునే ఉన్నా, ముఖం స్పష్టంగా వీధివైపే ఉంది.

"క్లిక్," అంది కెమెరా.

సత్తిబాబు దూడని రెండు చేతులా అందుకుని వీధిలో గడ్డిమీద పడుకోబెట్టాడు. అది తుమ్మింది. తరవాత సన్నగా "అంబా" అంది.

ఇంటి లోపల లచ్చి చెవులు నిక్కబొడుచుకున్నాయి. మూడొందల ఇళ్ళు తొక్కి, పుట్టి బుద్ధెరిగాక వెనకడుగు వెయ్యని లచ్చి, ఎవరూ లాగకుండా, ఎవరూ నెట్టకుండా, గజ్జెలు గలగలలాడిస్తూ వెనక్కి నాలుగంగల్లో వీధిలోకి వచ్చేసింది. వచ్చి దూడని నాకడం మొదలుపెట్టింది.

"వెనక్కి వచ్చేసిందేమిటండీ, లక్ష్మి?" అన్నారు గవర్రాజుగారు మేడమీంచి, వీధిలో జనం మధ్య ఉన్న సోమయాజులుగారిని చూసి.

"బిడ్డ కోసం వస్తే వెనక్కి కాదండి," అన్నారు సోమయాజులుగారు కళ్ళు తుడుచుకుంటూ. "ఏ శాస్త్రమైనా అదే అంటుంది."

ముత్తైదువులు చప్పట్లు కొట్టారు. దక్షిణామూర్తిగారు మాత్రం ఎత్తిన కర్ర దించకుండా అలాగే ఉండిపోయారు. ఆయన జీవపూరకం ఆయన కళ్ళముందే నడిచి బయటికి వచ్చేసింది. అదీ ఇరవైమంది ముందు.

"సార్, 'ఇ' ఫోటో," అంది కుందన కెమెరా ముందుకి చాపి. "గోజాతికి చెందిన ప్రాణి, ఇంటి లోపలినుండి, ముందుముఖముగా, వీధిలోనికి వెలువడుచున్న దృశ్యము. ముఖము స్పష్టముగానే ఉంది చూడండి. ఈరోజు అరవయ్యో రోజు. ఇంకా మధ్యాహ్నం కాలేదు."

ఆయన నమూనా తొమ్మిది తీసి ఒక్కో మాటా సరిచూశారు. గోజాతి. సరిపోయింది. ఇంటి లోపలినుండి. సరిపోయింది. లోపలికి వెళ్ళిన ప్రాణే బయటికి రావాలని ఎక్కడైనా ఉందేమోనని వెనక పేజీ కూడా తిప్పారు. లేదు. ఆ నిర్వచనం రాసిందాయనే.

"దృశ్యము ఆమోదించబడినది," అన్నారు. అంతలో గుమ్మంలోంచి లోపలికి చూసి ఉలిక్కిపడ్డారు. "కానీ లోపల రెండడుగుల పదంగుళాల ఖాళీ ఏర్పడింది! పూరణ శాతం సున్నా! ఇంత ఖాళీలో ఇంకొక లబ్ధిదారుణ్ణి..."

పక్క పట్టణాల అధికారులు పుస్తకాలు తీసి రాసుకోబోయారు.

కుందన ఆయన మాట పూర్తికానివ్వలేదు. నిరంజన్ చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది. హాలు మధ్యలో ఇద్దరూ వీధివైపు తిరిగి పక్కపక్కనే నిలబడ్డారు. అతని ఎడమభుజం ఒక గోడకీ, ఆమె కుడిభుజం ఇంకో గోడకీ ఆనాయి.

"కొలవండి," అంది.

దక్షిణామూర్తిగారు టేపు తీశారు. నిరంజన్‌కీ గోడకీ మధ్య దూరలేదు. కుందనకీ గోడకీ మధ్య దూరలేదు. చివరికి ఇద్దరి మధ్యా ప్రయత్నించారు. పెళ్ళై ఆరు నెలలు కూడా కాలేదు, అక్కడసలే దూరలేదు. నిరంజన్ సిగ్గుతో ఎర్రబడ్డాడు గాని కదల్లేదు.

"ఖాళీ... శూన్యము," అన్నారాయన. ఇరవైమందీ అదే రాసుకున్నారు.

మూడోరోజున ఇంటిపట్టా వచ్చింది, కుందన నిరంజన్ల పేరు మీద. లచ్చి పేరు కొట్టేసి పక్కన సంతకం చేశారు. కింద ఒక షరతు టైపు కొట్టి ఉంది: 'సదరు దంపతులు తమ మధ్య ఏ విధమైన ఖాళీ ఏర్పడకుండ కాలమంతయు మెలగవలెను. ఉల్లంఘించినచో చర్య తీసుకొనబడును.' కుందన దాన్ని పటం కట్టించి పెళ్ళిఫోటో పక్కన తగిలించింది. పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి ముక్కు ఆనించి చదువుకునేది.

ఏనుగు కొటేషను రాలేదు. మూడో వీధిలో మేక తాడు నమిలేసి వెళ్ళిపోయింది. దూడకి సత్తిబాబు 'పట్టా' అని పేరు పెట్టుకున్నాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం చారులో ఉప్పు ఎక్కువైందని నిరంజన్ అన్నాడు. ఎక్కువ కాలేదని కుందన అంది. మాటా మాటా పెరిగి, పెళ్ళైన తరవాత మొదటిసారి నిరంజన్ అలిగి, విసురుగా మెట్లెక్కి డాబా మీదికి వెళ్ళిపోయాడు. కుందన కింద హాల్లో గోడవైపు తిరిగి కూర్చుంది.

గవర్రాజుగారు రేడియో ఆపి చెవి ఒగ్గారు.

అటు గోడమీద రోకలి దబదబా మూడుసార్లు మోగింది. మూడు దెబ్బలకి ఇంతవరకూ అర్థమంటూ లేదు.

"ఏమర్రా!" కేక వేసింది పేరిందేవమ్మగారు. "ఖాళీ వస్తోందక్కడ! టేపు ఆయన్ని పిలవమంటారా?"

డాబా మెట్ల మీద దిగుతున్న అడుగుల చప్పుడు వినిపించింది. కుందన కొంచెం పక్కకి జరిగింది. జరగడానికి పెద్దగా చోటేమీ లేదు.